రాణిగంజ్‌లో చుట్టించిన 500 వీఏ స్టెప్‌డౌన్ ట్రాన్స్‌ఫార్మర్: జపాన్ ఆంప్లిఫయర్‌కు ఎంతవరకు భద్రం?

జపాన్ విపణి కోసం తయారైన సాన్సుయి ఇంటిగ్రేటెడ్ ఆంప్లిఫయర్‌ను, అమెరికాలో కొన్న ఒక బెల్ట్ డ్రైవ్ టర్న్‌టేబుల్‌ను హైదరాబాదులోని మా ఇంటి కరెంటుపై నడపడానికి, సికింద్రాబాదు రాణిగంజ్‌లోని ఒక చిన్న వైండింగ్ దుకాణంలో ప్రత్యేకంగా చెప్పి చేయించుకున్న ట్రాన్స్‌ఫార్మర్ గురించి ఈ సమీక్ష. ఇది 500 వీఏ (వోల్ట్ ఆంపియర్లు, ట్రాన్స్‌ఫార్మర్ మోయగల భారానికి కొలత) సామర్థ్యంతో, గుండ్రటి టొరాయిడల్ కోర్‌పై పూర్తిగా రాగి తీగతో చుట్టినది. ఇనుప పెట్టె, అమెరికా తరహా చదునైన పిన్నుల సాకెట్లు, ఫ్యూజు అన్నీ కలిపి సుమారు 6,000 రూపాయలు అయింది. ఇదే సామర్థ్యం రాసి ఉన్న రెడీమేడ్ పెట్టెలు ఇందులో సగం ధరకే దొరుకుతాయి. అయినా ఈ ఖర్చు పెట్టడం సరైనదేనని నా అభిప్రాయం.

మన సరఫరా 230 వోల్టులు, 50 హెర్ట్జ్. జపాన్‌లో 100 వోల్టులు, అమెరికాలో 120 వోల్టులు. దుకాణాల్లో విరివిగా దొరికే పెట్టెలు 220 వోల్టులను 110 వోల్టులుగా మార్చేవి, అంటే వచ్చినదానిని సగం చేసేవి. మా ఇంట్లో మల్టీమీటరు పెట్టి చూస్తే వేసవి సాయంత్రాల్లో 222 వోల్టులు, అర్ధరాత్రి దాటాక 244 వోల్టుల వరకు కనిపిస్తుంది. ఆ సమయంలో సగం చేసే పెట్టె 122 వోల్టులు ఇస్తుంది. నూరు వోల్టులకు రూపొందిన ఆంప్లిఫయర్‌కు అది 22 శాతం అధికం. లోపలి ఫిల్టర్ కెపాసిటర్లపై వోల్టేజి వాటి పరిమితిని దాటవచ్చు, ట్రాన్సిస్టర్లు అవసరానికి మించి వేడెక్కుతాయి, వాల్వు ఆంప్లిఫయర్ అయితే ఫిలమెంట్ల ఆయుష్షు తగ్గుతుంది. ఇవేవీ మొదటి రోజునే బయటపడవు. పాట చక్కగానే వినిపిస్తుంది కనుక అంతా సవ్యంగా ఉందని నమ్ముతాం, నష్టం నెలల తరబడి నిశ్శబ్దంగా జరుగుతుంది. పెట్టెపై అచ్చువేసిన అంకెను కాకుండా మన ఇంటి గోడ సాకెట్లో కనిపించే అంకెను ఆధారం చేసుకోవాలని నేను పట్టుబట్టడానికి కారణం ఇదే.

ఈ దుకాణంలో నాకు బాగా నచ్చిన విషయం కూడా ఇదే. మా ఇంట్లో వేర్వేరు వేళల్లో తీసిన రీడింగులు చూపగానే, ప్రైమరీ వైండింగుకు, అంటే గోడ కరెంటు అందే తీగ చుట్టకు, 230, 245 వోల్టుల దగ్గర రెండు ట్యాపులు (చుట్టలోంచి బయటికి తీసిన కనెక్షన్లు) ఇచ్చారు. పరికరానికి కరెంటు ఇచ్చే సెకండరీ చుట్టకు 100, 115 వోల్టుల ట్యాపులు ఉన్నాయి. ప్రైమరీ ట్యాపును మార్చే స్విచ్చును పెట్టె మూత లోపల అమర్చారు కాబట్టి తుడిచేటప్పుడో సర్దేటప్పుడో ఎవరి చెయ్యీ తగిలి అది మారిపోదు. 245 ట్యాపుపై ఉంచితే, గోడలో 244 వోల్టులు ఉన్న వేళ ఆంప్లిఫయర్ దగ్గర 102 వోల్టులు, సాయంత్రం వోల్టేజి పడిపోయినప్పుడు 93 వోల్టులు వస్తున్నాయి. కాస్త తక్కువ వోల్టేజి ఈ ఆంప్లిఫయర్‌కు హాని చేయదు, గరిష్ఠ శక్తి కొంచెం తగ్గుతుందంతే. అందుకే ఏడాది పొడవునా 245 ట్యాపుపైనే ఉంచాను. గంటల తరబడి నడిచాక కూడా పెట్టె గోరువెచ్చగా మాత్రమే ఉంటోంది.

చౌక పెట్టెలకు, దీనికి ఉన్న అసలు తేడా భద్రతలో ఉంది. చౌక పెట్టెల్లో అధిక భాగం ఆటో ట్రాన్స్‌ఫార్మర్లు. వాటిలో ఒకే వైండింగు ఉంటుంది, మధ్యలో తీసిన ట్యాపు నుంచి తక్కువ వోల్టేజి వస్తుంది. ఇనుము, రాగి తక్కువ పడతాయి కనుక ధర తక్కువ, బరువు తక్కువ. అయితే ఆ ట్యాపుకూ న్యూట్రల్‌కూ మధ్య ఉన్న చుట్టు ఎక్కడైనా తెగితే, గోడలోని 230 వోల్టులు మిగిలిన చుట్టు మీదుగా నేరుగా ఆంప్లిఫయర్‌లోకి చేరతాయి. మన పాత ఇళ్లలో తరచుగా కనిపించేలా సాకెట్లో ఫేజు, న్యూట్రలు తారుమారై ఉంటే, బయటికి వచ్చే రెండు తీగలూ ఎర్తుతో పోల్చినప్పుడు ప్రమాదకరమైన వోల్టేజిలోనే ఉంటాయి. పాత జపాన్, అమెరికా పరికరాల్లో చాలావాటికి రెండు పిన్నుల ప్లగ్గే తప్ప ఎర్తు పిన్ను లేదన్నది గుర్తుంచుకుంటే, ఈ లోపం ఎంత తీవ్రమైనదో తెలుస్తుంది. ఐసొలేషన్ ట్రాన్స్‌ఫార్మర్‌లో ప్రైమరీ, సెకండరీ వైండింగులు వేర్వేరుగా ఉండి, వాటి మధ్య ఇన్సులేషన్ తప్ప విద్యుత్ సంబంధం ఉండదు. మేము చేయించినది ఈ రకం. పెట్టె ఇనుప భాగాన్ని, కోర్ బిగించిన బోల్టును ఎర్తుకు కలిపారా లేదా అన్నది తీసుకునే ముందు మీటరుతో పరీక్షించి చూశాను, కలిపారు.

ప్రయాణాల్లో వాడమని అమ్మే, గుప్పెట్లో ఇమిడే ఎలక్ట్రానిక్ కన్వర్టర్లను ఆడియో పరికరాలకు ఎట్టి పరిస్థితుల్లోనూ వాడకూడదు. అవి హెయిర్ డ్రయర్ వంటి వేడి పుట్టించే పరికరాల కోసం తరంగాన్ని ముక్కలు చేసి సగటును తగ్గిస్తాయే గాని, శిఖర వోల్టేజిని మాత్రం 325 వోల్టుల దాకా యథాతథంగా పంపగలవు.

ఎంత మంచి ట్రాన్స్‌ఫార్మర్ అయినా మార్చలేనిది ఫ్రీక్వెన్సీ, అంటే సెకనుకు వచ్చే కరెంటు తరంగాల సంఖ్య (హెర్ట్జ్). ఈ విషయాన్ని దుకాణదారు ముందే స్పష్టంగా చెప్పడం ఆయన నిజాయితీకి నిదర్శనం. జపాన్ పరికరాలతో ఈ చిక్కు తక్కువ. 1890ల్లో టోక్యో జర్మనీ జనరేటర్లను, ఒసాకా అమెరికా జనరేటర్లను తెప్పించుకున్నందున ఆ దేశంలో తూర్పున 50, పడమట 60 హెర్ట్జ్ నేటికీ కొనసాగుతున్నాయి, కాబట్టి అక్కడి ఆంప్లిఫయర్ల వెనుక సాధారణంగా 50/60 అని రాసి ఉంటుంది. అమెరికా టర్న్‌టేబుల్ సంగతి వేరు. దానిలోని సింక్రనస్ మోటారు వేగాన్ని ఫ్రీక్వెన్సీయే నిర్ణయిస్తుంది. 60 బదులు 50 హెర్ట్జ్ అందడంతో నిమిషానికి 33⅓ సార్లు తిరగాల్సిన పళ్లెం 27.8 సార్లే తిరిగి, గొంతులన్నీ బొంగురుగా, నిదానంగా వినిపించాయి. మోటారుకు 50 హెర్ట్జ్‌కు సరిపడే పెద్ద పుల్లీ (బెల్టును తిప్పే చక్రం) వేసిన తరువాతే శ్రుతి కుదిరింది. క్వార్ట్జ్ నియంత్రణ గల డైరెక్ట్ డ్రైవ్ టర్న్‌టేబుళ్లకు ఈ బాధ లేదు.

60 హెర్ట్జ్ అని మాత్రమే రాసి ఉన్న అమెరికా ఆంప్లిఫయర్ ఉన్నవారు ఇంకొక జాగ్రత్త తీసుకోవాలి. 50 హెర్ట్జ్‌పై పూర్తి 120 వోల్టులు ఇస్తే దాని సొంత ట్రాన్స్‌ఫార్మర్ కోర్‌లో అయస్కాంత ప్రవాహం 20 శాతం పెరిగి, అది వేడెక్కి గుయ్యిమంటుంది. అటువంటివారు సెకండరీని 110 వోల్టులకు చుట్టించుకోవడం మేలు. నేను మళ్లీ చేయించుకుంటే 115 బదులు అదే అడుగుతాను.

లోపాలూ ఉన్నాయి. టొరాయిడల్ కోర్ స్విచ్చు వేసిన క్షణంలో విపరీతమైన కరెంటు లాగుతుంది, దాంతో మొదట్లో మా ఎంసీబీ (కరెంటు మితిమీరితే దానంతటదే ఆగిపోయే స్విచ్చు) తరచుగా పడిపోయేది. చెప్పగానే లోపల ఆ తొలి కరెంటును అదుపు చేసే ఒక థర్మిస్టర్ అమర్చి ఇచ్చారు. ఫ్యూజును ప్రైమరీ వైపు మాత్రమే పెట్టారు, సెకండరీ వైపు 5 ఆంపియర్ల ఫ్యూజు నేను విడిగా వేయించాల్సి వచ్చింది. ఇంట్లో ఎవరైనా హెయిర్ డ్రయర్‌ను తక్కువ వేగంపై నడిపితే పెట్టె సన్నగా మోగుతుంది, అది ఈ రకం కోర్‌కు సహజమే అయినా నిశ్శబ్దమైన గదిలో వినబడుతుంది.

మన మార్కెట్లో దొరికే యూనివర్సల్ సాకెట్ల గురించి మాత్రం గట్టిగా హెచ్చరించాలి. వాటిలో చదునైన పిన్నులు కూడా దూరతాయి గనుక, ఇంటికి వచ్చిన చుట్టాలో పిల్లలో ఆంప్లిఫయర్ ప్లగ్గును నేరుగా 230 వోల్టులలో పెట్టే ప్రమాదం ఉంది. ఆ గదిలో అలాంటి ఎక్స్‌టెన్షన్ బోర్డును ఉంచకుండా, ప్లగ్గుకు ‘100 వోల్టులు మాత్రమే’ అని రాసిన చీటీ కట్టాను.

ఇటువంటి పెట్టె అందరికీ అవసరం లేదు. అమెరికా నుంచి తిరిగివచ్చేవారు ముందుగా పరికరం వెనుక చూడాలి. 100–240 అని రాసి ఉంటే ప్లగ్గు మార్చుకుంటే చాలు. వోల్టేజి సెలెక్టర్ ఉంటే దానిని 220 లేదా 240కి తిప్పి, సర్వీసు మాన్యువల్లో చెప్పిన ఫ్యూజు వేస్తే సరిపోతుంది. ఈ రెండూ లేనప్పుడు వెనుక రాసిన వాట్లకు కనీసం రెట్టింపు వీఏ గల ఐసొలేషన్ ట్రాన్స్‌ఫార్మర్‌ను చేయించుకోవాలి. ఆర్డరు ఇచ్చేటప్పుడు రాగి వైండింగు, రెండు వైపులా ఫ్యూజులు, థర్మిస్టర్, ఎర్తు కనెక్షన్ అన్నీ బిల్లు మీద రాయించుకోండి.