క్రూయిజ్ బుక్ చేసే ముందు రేవుల టైమ్‌టేబుల్ చదవండి

బ్రోషర్‌లో "రోమ్" అని ఉంటుంది. ఓడ ఆగేది మాత్రం చివిటావెక్కియా రేవులో. అక్కడి నుంచి రోమ్ నగరం దాదాపు 80 కిలోమీటర్లు. "ఫ్లోరెన్స్" అంటే లివోర్నో. "పారిస్" అంటే లె హావ్ర్, అంటే ఒక్కో వైపు దాదాపు 200 కిలోమీటర్లు. కంపెనీలు ఇదేమీ దాచిపెట్టవు, ఊరి పేరు పక్కనే రేవు పేరు రాసి ఉంటుంది. కానీ బుక్ చేసేవాళ్ల దృష్టి అప్పటికే స్విమ్మింగ్ పూల్ ఫొటోల మీదో, షిప్ ఎన్ని అంతస్తులన్న దాని మీదో ఉంటుంది. ఎవరైనా నన్ను సలహా అడిగితే షిప్ పేరు తర్వాత చూద్దాం, ముందు రేవుల టైమ్‌టేబుల్ పంపండి అంటాను. ఏ రేవులో ఎన్ని గంటలు ఆగుతుంది, గట్టుకు ఆనుకుని ఆగుతుందా లేక నడినీళ్లలో లంగరు వేసి చిన్న పడవల్లో దింపుతారా, అక్కడి నుంచి చూడాల్సిన చోటు ఎంత దూరం. సెలవు ఎలా గడుస్తుందన్నది అన్నిటికంటే ఎక్కువగా వీటి మీదే ఆధారపడటం మధ్యధరాలోనూ, అలాస్కాలోనూ, అట్లాంటిక్ దాటినప్పుడూ చూశాను.

పొద్దున 7కి ఆగి సాయంత్రం 7కి బయల్దేరే ఓడ అంటే చేతిలో 12 గంటలు ఉన్నట్టు కనిపిస్తుంది. దిగడానికి అనుమతి వచ్చి, మెట్ల దగ్గర రద్దీ తగ్గేసరికి ఎనిమిదవుతుంది. ఓడ కదలడానికి కనీసం అరగంట ముందు అందరూ లోపల ఉండాలి. రానూపోనూ మూడు గంటలు తీసేస్తే రోమ్‌లో మిగిలేది ఏడున్నర గంటలు, అదీ అన్నీ కలిసొస్తే. ఆ టైమ్‌లో కొలోసియమ్ చుట్టుపక్కల చూడొచ్చు, లేదా వాటికన్ మ్యూజియంలు చూడొచ్చు. రెండూ పెట్టుకుంటే రెండు చోట్లా క్యూల్లోనే పొద్దుపోతుంది. మేం వాటికన్ జోలికి పోకుండా ప్రాచీన రోమన్ ఫోరమ్ శిథిలాల మధ్య తీరిగ్గా తిరిగాం. రోమ్‌ను సరిగ్గా చూడాలనుకునేవాళ్లు ఓడ ఎక్కడానికి ముందో, దిగాకో రెండు మూడు రోజులు అక్కడే హోటల్లో ఉండటం మేలు. మధ్యధరా క్రూయిజ్‌లు చాలా వరకు ఆ రేవు నుంచే మొదలవుతాయి కాబట్టి అదేమంత కష్టం కాదు.

ఊళ్లోకే వెళ్లి ఆగే రేవుల్లో ఈ లెక్కలేవీ అక్కర్లేదు. మాల్టాలోని వాలెట్టాకు ఓడ చేరే పొద్దున అలారం పెట్టుకుని మరీ లేచి పైడెక్ మీదకు వెళ్లండి. గ్రాండ్ హార్బర్‌లోకి ఓడ మెల్లగా వస్తుంటే రెండు పక్కలా లేత పసుపు రాతి కోటగోడలు నిలబడి ఉంటాయి, పొద్దుటి ఎండ పడ్డాక వాటి రంగు నిమిష నిమిషానికీ మారుతుంది. దిగి కాస్త నడిస్తే అప్పర్ బరాక్కా తోటకు తీసుకెళ్లే లిఫ్ట్, అది ఎక్కితే పాత నగరం. బస్సు వెతుక్కునే పనే లేదు. మాంటెనెగ్రోలోని కొటోర్ కూడా అలాంటిదే. కొండల మధ్య మెలికలు తిరిగే అఖాతంలో చాలాసేపు ప్రయాణించాక పాత ఊరి ప్రాకారం ఎదురుగా వచ్చేస్తుంది. టర్కీలోని కుశాదాసి నుంచి ఎఫెసస్ అనే ప్రాచీన నగర శిథిలాలు దాదాపు 20 కిలోమీటర్లే. క్రొయేషియాలోని డుబ్రోవ్నిక్ రేవు నుంచి పాత నగరం మూడు కిలోమీటర్లు. ఇలాంటి రేవులు మూడు నాలుగున్న రూట్‌కే నా ఓటు, షిప్ కాస్త పాతదైనా సరే.

వెనిస్ విషయంలో జాగ్రత్త. శాన్ మార్కో చౌరస్తా ముందు నుంచి పెద్ద ఓడ వెళ్తున్న పాత ఫొటోలు ఇంకా తిరుగుతూనే ఉన్నాయి. 25,000 గ్రాస్ టన్నులు దాటిన ఓడలు ఆ చౌరస్తా ముందున్న కాలువలోకి రాకుండా ఇటలీ ప్రభుత్వం 2021 ఆగస్టు 1 నుంచి నిషేధించింది. ఇప్పుడు వెనిస్ పేరుతో అమ్మే కొన్ని ట్రిప్పుల్లో ఓడ ఎక్కేది వేరే ఊళ్లైన రవెన్నాలోనో ట్రియెస్టెలోనో. ఆ నగరానికి జరిగిన నష్టం చూస్తే నిషేధం సరైనదే అనిపిస్తుంది. టికెట్ మీద రేవు పేరు మాత్రం చూసుకోండి.

గ్రీస్ దీవి సాంటోరినిలో పెద్ద ఓడలకు గట్టు లేదు. సొంతంగా దిగేవాళ్లను పడవల్లో ఫిరా ఊరి కింద ఉన్న పాత రేవుకు చేరుస్తారు. అక్కడి నుంచి పైకి మూడు దారులు: కేబుల్ కార్, 588 మెట్లు, గాడిదలు. పొద్దున పైకి వెళ్లేటప్పుడు క్యూ ఎలాగోలా కదులుతుంది. అసలు కష్టం సాయంత్రం. నాలుగైదు ఓడలు ఒకే రోజు వస్తే కిందికి దిగే క్యూ కేబుల్ కార్ స్టేషన్ దాటి సందుల్లోకి పాకుతుంది. చేతిలో నీళ్ల సీసా అయిపోయి, ఆఖరి పడవ టైమ్ దగ్గర పడుతూ, పిల్లల్ని ఎత్తుకుని నిలబడ్డ తల్లిదండ్రుల ముఖాలు నాకింకా గుర్తున్నాయి. మేం క్యూ వదిలి మెట్లు దిగాం. మెట్లు నున్నగా అరిగిపోయి ఉంటాయి, గాడిదలూ అదే దారిలో వస్తుంటాయి, పేడ తొక్కితే జారుతుంది. పట్టు ఉన్న బూట్లు, నొప్పిలేని మోకాళ్లు ఉంటేనే ఆ దారి. గాడిదల మీద ఎక్కడం వద్దు. ఎండలో ఆ మెట్లమీద బరువు మోస్తున్న వాటిని దగ్గర్నుంచి చూస్తే మీరూ అదే అంటారు. ఆఖరి పడవకు రెండు గంటల ముందే కిందికి బయల్దేరితే ఏ ఇబ్బందీ ఉండదు.

షోర్ ఎక్స్‌కర్షన్లు, అంటే రేవులో దిగి తిరిగే టూర్లు, ఓడ వాళ్ల దగ్గరే కొనాలా, బయట చూసుకోవాలా అని చాలామంది అడుగుతారు. ఓడ వాళ్ల టూర్ ఖరీదెక్కువ, బస్సు నిండా జనం. కానీ ఆ బస్సు ఆలస్యమైతే ఓడ ఆగుతుంది. సొంతంగా వెళ్లినవాళ్ల కోసం ఆగదు. అందుకే దూరం వెళ్లాల్సిన చోట ఓడ టూర్, నడిచి వెళ్లగలిగిన చోట సొంతంగా. ఇంకో సంగతి. ఓడ గడియారం, ఊరి గడియారం ఒకటే కానక్కర్లేదు. ఫోన్ తనంతట తాను స్థానిక సమయానికి మారిపోతుంది. దిగే ముందు గుమ్మం దగ్గర బోర్డు మీద రాసిన తిరిగి ఎక్కాల్సిన టైమ్ ఫొటో తీసుకోండి, చేతికి మామూలు వాచీ ఉంటే ఓడ టైమే పెట్టుకోండి.

అలాస్కా దారే వేరు. అక్కడ ఊళ్లకంటే నీళ్ల మీద గడిపే గంటలే గొప్పవి. హిమానీనదాలున్న నేషనల్ పార్క్ గ్లేసియర్ బేలోకి రోజుకు రెండు పెద్ద క్రూయిజ్ షిప్పులకు మించి అనుమతి లేదు, కాబట్టి అన్ని కంపెనీల రూట్లలోనూ అది ఉండదు. ఉన్న రూట్ దొరికితే తీసుకోండి. ఆ రోజు నేషనల్ పార్క్ రేంజర్లు చిన్న బోటులో వచ్చి ఓడ ఎక్కి, రోజంతా మైకులో వివరిస్తారు. మార్జరీ హిమానీనదం ముందు ఓడ చాలాసేపు ఆగి, రెండు వైపుల వాళ్లకూ కనిపించేలా మెల్లగా తిరుగుతుంది. ఎదురుగా నీలి గీతలున్న మంచు గోడ. ముందు ఒక పక్క పొడి రాలినట్టు కొంచెం మంచు జారుతుంది. ఆ వెంటనే మేడంత ముక్క విడిపోయి నీళ్లలో పడటం కనిపిస్తుంది, శబ్దం మాత్రం కాసేపాగి ఉరుములా వస్తుంది. డెక్ మీద వందల మంది ఉన్నా ఎవరూ నోరెత్తలేదు. కెమెరా సంచిలో పెట్టేసి చూడాల్సిన దృశ్యం అది.

అలాస్కాకు వాంకూవర్ నుంచి వెళ్తే ద్వీపాల చాటున ఇన్‌సైడ్ పాసేజ్‌లో నీళ్లు నిమ్మళంగా ఉంటాయి. సియాటిల్ నుంచి వెళ్లే ఓడలు ఎక్కువగా వాంకూవర్ దీవికి బయటి వైపున, తెరిచిన సముద్రం మీదుగా వెళ్తాయి, ఊపు తెలుస్తుంది. సియాటిల్ ఓడలు కెనడాలోని విక్టోరియాలో తరచూ సాయంత్రం పూట కొద్ది గంటలే ఎందుకు ఆగుతాయో తెలుసా? విదేశీ జెండా ఉన్న ఓడ మధ్యలో ఏ విదేశీ రేవునూ తాకకుండా అమెరికా రేవుల మధ్య ప్రయాణికులను తీసుకెళ్లకూడదని 1886 నాటి చట్టం చెబుతుంది. ఆ మజిలీ చట్టం కోసం పెట్టింది. విక్టోరియా చూడాలన్న ఆశతో ఈ రూట్ ఎంచుకోవద్దు. అలాస్కా రేవుల్లో జూనో మాత్రం బాగుంటుంది, వేసవిలో హంప్‌బ్యాక్ తిమింగలాల కోసం వెళ్లే చిన్న బోట్ల టూర్‌కు ఖర్చు పెట్టొచ్చు. అక్కడిదే మరో రేవు కెచికాన్‌లో ఏడాదికి 3,500 మిల్లీమీటర్ల పైనే వర్షం పడుతుంది. గొడుగు కాదు, మంచి రెయిన్ జాకెట్ కావాలి.

అట్లాంటిక్ దాటడం గురించి క్లుప్తంగానే చెబుతాను. వసంతంలో కరేబియన్ నుంచి యూరప్‌కు, శరత్కాలంలో అటు నుంచి ఇటు ఓడలను మారుస్తారు. ఆ ట్రిప్పుల్లో రాత్రికి పడే ఖర్చు చాలా తక్కువ, వరసగా ఐదారు రోజులు నీళ్లు తప్ప ఏమీ కనపడదు. పుస్తకాలు చదివేవాళ్లకు, ఉద్యోగం నుంచి రిటైరైనవాళ్లకు స్వర్గం. పడమటి దిక్కుగా వెళ్తే కొన్ని రాత్రులు గడియారం గంట వెనక్కి జరిగి అదనపు నిద్ర దొరుకుతుంది, తూర్పుకు వెళ్తే అంతా పోతుంది. చిన్నపిల్లలతో మొదటి క్రూయిజ్‌గా దీన్ని ఎంచుకోవద్దు.

క్యాబిన్ సంగతి. మధ్యధరాలో పగలంతా ఒడ్డునే ఉంటాం, కిటికీ లేని లోపలి గది చాలు, మిగిలిన డబ్బు టూర్లకు వాడుకోండి. అలాస్కాలో, నార్వే ఫియోర్డులలో బాల్కనీకి పెట్టిన డబ్బు వృథా కాదు. సముద్రం పడనివాళ్లు కింది డెక్కుల్లో, ఓడ నడిమి భాగంలో గది అడగండి. పక్కలకు ఊగడాన్ని స్టెబిలైజర్లు బాగా తగ్గిస్తాయి, ముందూ వెనకా లేచి పడటాన్ని అంతగా ఆపలేవు. ఆ ఊపు రెండు చివర్లలోనే ఎక్కువ. వాంతి మాత్ర డాక్టర్‌ను అడిగి వెంట తెచ్చుకుని, తల తిరగడం మొదలయ్యాక కాకుండా ముందే వేసుకోవాలి. గది ఖాయం చేసే ముందు డెక్ ప్లాన్‌లో మీ గదికి పైనా కిందా ఏముందో చూడండి. పూల్ డెక్ కింద గది వస్తే తెల్లారకముందే కుర్చీలు లాగే చప్పుడు. థియేటర్ పైన వస్తే అర్ధరాత్రి దాకా డ్రమ్ములు. పైనా కిందా గదులే ఉంటే నిశ్చింత. "గ్యారంటీ" పేరుతో చవగ్గా ఇచ్చే గదిని కంపెనీయే తన ఇష్టప్రకారం కేటాయిస్తుంది. నిద్ర తేలిగ్గా చెదిరేవాళ్లకు అది సరిపడదు.

సేవల్లో నాకు అసంతృప్తి మిగిల్చింది ఒకటే. ఒక ట్రిప్‌లో గాలి బలంగా ఉందని మేం ఎంతో ఎదురుచూసిన రేవును వదిలేసి ఓడ ముందుకెళ్లింది. గాలిని ఎవరూ ఏమీ అనలేం, కెప్టెన్ నిర్ణయమూ సరైనదే. కానీ సమాచారం ఆలస్యంగా, అదీ ఒక్క ప్రకటనతో సరిపెట్టారు. తిరిగి వచ్చింది రేవు పన్నుల చిన్న మొత్తమే. టికెట్ ఒప్పందాల్లో రూట్ మార్చే హక్కు కంపెనీకే ఉంటుంది. పడవల్లో దింపే రేవులే ఇలా ఎక్కువగా రద్దవుతాయి, కాబట్టి ఒక్క రేవు కోసమే క్రూయిజ్ కొనకండి. కరేబియన్‌లో జూన్ నుంచి నవంబర్ దాకా తుపానుల కాలం, ధర తగ్గేది కొంతవరకు అందుకే.

సిబ్బంది విషయంలో మాత్రం నాకు ఎక్కడా లోటు కనపడలేదు. మా గది చూసే ఆయన రెండో రోజుకే పేర్లు, మంచినీళ్లు ఎన్ని సీసాలు కావాలో గుర్తుపెట్టుకున్నాడు. వాళ్ల కాంట్రాక్టులు నెలల తరబడి, వారాంతపు సెలవు లేకుండా సాగుతాయి. ఖాతాలో పడే రోజువారీ గ్రాట్యుటీ, అంటే సిబ్బందికిచ్చే టిప్, తీసేయించుకోవడం ఎలాగో చెప్పే చిట్కాలు చూస్తే బాధ కలుగుతుంది. దాన్ని టికెట్ ధరలో భాగంగానే లెక్కేసుకోండి. వైఫై, డ్రింక్స్ ప్యాకేజీలు కావాలంటే ఎక్కకముందే కొనడం సాధారణంగా చవక. డ్రింక్స్ ప్యాకేజీ ఒకరు తీసుకుంటే అదే గదిలోని పెద్దవాళ్లందరూ తీసుకోవాలని చాలా కంపెనీల్లో నియమం. ఓడ కదిలాక ఫోన్ ఫ్లైట్ మోడ్‌లో ఉండాలి, లేకపోతే సముద్రపు నెట్‌వర్క్‌కు కలిసి రోమింగ్ బిల్లు మోగిపోతుంది.

ఆరోగ్యం గురించి రెండు మాటలు. వాంతులు, విరేచనాలు తెచ్చే నోరోవైరస్‌కు హ్యాండ్ శానిటైజర్ సరిపోదు, బఫేకు వెళ్లే ముందు సబ్బుతో చేతులు కడుక్కోవాల్సిందే. అమెరికా రేవులకు వచ్చే ఓడలను అక్కడి ప్రజారోగ్య సంస్థ సీడీసీ తనిఖీ చేసి 100కు మార్కులు వేస్తుంది, 85 లేదా అంతకు తక్కువైతే ఫెయిల్. ఆ మార్కులు ఎవరైనా చూడొచ్చు. ఓడలో డాక్టర్ ఉంటారు, ఫీజు బాగా ఎక్కువ. నడిసముద్రం నుంచి హెలికాప్టర్‌లో తరలించాల్సి వస్తే ఖర్చు ఇల్లు గుల్ల చేస్తుంది, అత్యవసర తరలింపు కలిసిన బీమా తప్పనిసరి.

ప్రమాదం వస్తే ఎవరు ఏ స్టేషన్ దగ్గర చేరాలో నేర్పే మస్టర్ డ్రిల్‌ను కొందరు వీడియో చూసేసి ముగిస్తారు. కోస్టా కాంకార్డియా అనే క్రూయిజ్ ఓడ 2012 జనవరి 13న ఇటలీ తీరంలో రాతికి తగిలి ఒరిగినప్పుడు 32 మంది చనిపోయారు. ఆ రోజే ఎక్కిన చాలామందికి అప్పటికింకా డ్రిల్ జరగలేదు. ఆ తర్వాతే ఓడ బయల్దేరే ముందో, బయల్దేరిన వెంటనేనో డ్రిల్ జరగాలని అంతర్జాతీయ నియమం మార్చారు. మీ గది నుంచి మీ స్టేషన్‌కు లిఫ్ట్ కాకుండా మెట్ల మీదుగా ఒకసారి నడిచి చూడండి, పిల్లల్నీ నడిపించండి.

ఓడ ఎక్కే రోజే విమానంలో దిగేలా పెట్టుకోవద్దు, ముందురోజే ఆ ఊరు చేరండి. మధ్యలో మరో దేశం తాకి మళ్లీ మొదటి దేశానికి వచ్చే రూట్ అయితే మల్టిపుల్ ఎంట్రీ వీసా ఉందో లేదో చూసుకోవాలి. పెద్ద సూట్‌కేసులు గదికి చేరేసరికి సాయంత్రం కావచ్చు, మందులు, కాగితాలు, ఒక జత బట్టలు చేతి సంచిలోనే ఉంచండి. ఇస్త్రీ పెట్టె, సర్జ్ ప్రొటెక్టర్ ఉన్న ఎక్స్‌టెన్షన్ బోర్డు స్కానింగ్‌లో తీసేసుకుంటారు. గది గోడలు చాలావరకు ఇనుపవే, అయస్కాంతపు హుక్కులు నాలుగు తీసుకెళ్తే తడి బట్టలకు చోటు దొరుకుతుంది.

ఆఖరి రాత్రి సామాను గది బయట పెట్టేస్తే పొద్దున టెర్మినల్‌లో తీసుకోవచ్చు. మర్నాడు వేసుకునే బట్టలు అందులో సర్దేయకండి. ఖాతాలో పడ్డ ఖర్చులు ఆ ముందు సాయంత్రమే సరిచూసుకోండి, పొద్దున కౌంటర్ దగ్గర క్యూ పెద్దది. సూట్‌కేసులు సొంతంగా మోసుకోగలిగితే అందరికంటే ముందు దిగే అవకాశం ఇస్తారు. ఎలా దిగినా తిరుగు విమానం మధ్యాహ్నం తర్వాతదే బుక్ చేయండి. ఓడ గట్టుకు చేరినా, ఆ దేశపు అధికారులు సరేననే దాకా ఎవరినీ దించరు.