డెలివరీ తర్వాత థైరోనార్మ్: డోసు మార్చుకున్నప్పటి నా అనుభవం

ముందే చెప్పేస్తా, థైరాయిడ్ హార్మోన్ తక్కువైనవాళ్ళు వాడే ఈ థైరోనార్మ్ మాత్రకి నేను ఐదుకి ఐదు ఇస్తాను. డెలివరీ అయిన ఆడవాళ్ళకైతే మరీను, ఎందుకంటే ఇందులో దొరికినన్ని డోసులు ఉంటే చాలా ఇబ్బంది తప్పుతుంది. 12.5 మైక్రోగ్రాముల నుంచి 150 దాకా ఉన్నాయి, మధ్యలో 62.5, 88, 112 లాంటివి కూడా. ఇంత చిన్న మాత్రని కత్తితో సగం చేసి, ముక్క ఎటు పోయిందో వెతుక్కునే పని లేదు.

నాకు పెళ్ళికి ముందు నుంచీ హైపోథైరాయిడ్, అంటే థైరాయిడ్ హార్మోన్ తక్కువగా తయారవడం, ఉంది, అప్పట్లో 50 వాడేదాన్ని. కడుపుతో ఉన్నప్పుడు ఒంటికి ఈ హార్మోన్ పావు వంతు నుంచి సగం దాకా ఎక్కువ కావాల్సొస్తుంది కాబట్టి డాక్టరుగారు ముందు 75, తర్వాత 88 చేశారు. పాప పుట్టగానే మళ్ళీ 50కి దించేశారు. ఇక్కడ చాలా ఇళ్ళలో ఏం జరుగుతుందంటే, ఆ హడావిడిలో కడుపుతో ఉన్నప్పటి సీసానే కొనసాగిపోతుంది, ఎవరూ గమనించరు. డోసు ఎక్కువైతే గుండె దడ, చెమటలు, చేతుల వణుకు, నిద్ర పట్టకపోవడం. తక్కువైతే నీరసం, మలబద్ధకం, దేని మీదా మనసు లేకపోవడం. రెండూ చూడ్డానికి బాలింత అలసటలాగే ఉంటాయి, ఇంట్లో అందరూ "పసిపిల్ల ఉన్న ఇల్లు, మామూలేలే" అంటారు. మామూలేనా కాదా అన్నది రక్తపరీక్షే చెప్పాలి. అందుకే డిశ్చార్జ్ కాగితంలో ఇప్పుడు ఏ డోసు వాడాలో స్పష్టంగా రాయించుకోండి, 88 సీసాని కంటికి కనిపించకుండా తీసేయండి.

ఆరు వారాలకి టీఎస్‌హెచ్ చేయించమన్నారు, డోసు సరిపోతోందో లేదో చెప్పే రక్తపరీక్ష అది, డోసు చాలకపోతే ఈ అంకె పెరుగుతుంది. అంతకు ముందే చేయిస్తే పెద్దగా లాభం లేదట, ఈ మందులో సగం ఒంట్లోంచి పోవడానికే వారం పడుతుంది, మారిన డోసు రక్తంలో స్థిరపడేసరికి నెలా పదిహేను రోజులు. నాకు టీఎస్‌హెచ్ 5.6 వచ్చింది. యాంటీ టీపీఓ (ఒంటి రక్షణ వ్యవస్థే థైరాయిడ్ మీద దాడి చేస్తోందని చూపే పరీక్ష) పాజిటివ్ ఉన్నవాళ్ళలో చాలామందికి కాన్పు తర్వాత పాత డోసు సరిపోదని చెప్పి 62.5 రాశారు మేడం. మళ్ళీ ఆరు వారాలకి 2.1. అప్పటికి పొద్దున లేవగానే ఉండే ఆ బరువు చాలా తగ్గింది. ఇంతకు ముందు థైరాయిడ్ లేనివాళ్ళకి కూడా కాన్పయిన ఏడాదిలోపు కొత్తగా రావచ్చు, అది చాలామందికి తర్వాత తగ్గిపోతుంది కూడా, కాబట్టి దడగానీ విపరీతమైన నీరసంగానీ ఉంటే ఓసారి పరీక్ష చేయించుకోండి.

జుట్టు గురించి ఒక్క మాట. మూడో నెలలో దువ్వెన నిండా జుట్టు ఊడొస్తుంది, ఎవరో ఒకరు బయోటిన్ అనే విటమిన్ వాడమంటారు. వాడితే వాడండి గానీ రక్తం ఇచ్చేముందు కనీసం రెండు రోజులు ఆపి, ఆ సంగతి ల్యాబ్ వాళ్ళకి చెప్పండి. కొన్ని మిషన్లలో బయోటిన్ వల్ల టీఎస్‌హెచ్ ఉన్నదానికన్నా తక్కువ చూపిస్తుంది, దాన్ని నమ్మి డోసు తగ్గిస్తే కష్టం.

ఇక వేసుకునే టైము, అసలు బాధంతా ఇక్కడే. పరగడుపున వేసుకుని అరగంట నుంచి గంట దాకా ఏమీ తినకూడదు. తెనాలిలో పుట్టింట్లో ఉన్నాను, అమ్మ తెల్లారేసరికి వేడివేడిగా పాలగ్లాసు పట్టుకుని మంచం దగ్గరికొచ్చేస్తుంది, బాలింతని ఆకలితో ఉంచకూడదని ఆవిడ తాపత్రయం. చివరికి తెల్లవారుజామున పాప పాలకి లేచినప్పుడే మాత్ర వేసేసుకోవడం మొదలుపెట్టాను, దిండు పక్కనే సీసా, మంచినీళ్ళ బాటిల్. అమ్మ పాలగ్లాసుతో వచ్చేసరికి గంట దాటిపోయేది. క్యాల్షియం, ఐరన్ మాత్రలు దీనికి కనీసం నాలుగు గంటలు దూరంగా ఉండాలి, లేకపోతే మందు ఒంటికి సరిగ్గా పట్టదు. నేను క్యాల్షియం మధ్యాహ్నం భోజనం తర్వాత, ఐరన్ రాత్రికి పెట్టుకున్నా.

పాలిచ్చే తల్లులు భయపడక్కర్లేదు. పాలలోకి వెళ్ళేది చాలా కొంచెం, పాపకి హాని లేదు. "పాలిస్తున్నావు, మందులు మానెయ్యమ్మా" అని చూడ్డానికొచ్చిన ఒక పెద్దావిడ అంటే, ఆవిడ ఎదురుగానే మా అమ్మ "డాక్టరమ్మే వాడమంది పిన్నీ" అని తేల్చేసింది.

సీసాని వంటింట్లో పొయ్యి దగ్గరా, బాత్రూములోనూ పెట్టకండి. వేడి, తేమ, వెలుతురు తగిలితే మందు పాడవుతుంది. మే నెలలో మా ఊళ్ళో ఎండ సంగతి తెలుసుగా, పడగ్గది బీరువాలో పెట్టాను.

ఒక మెడికల్ షాపులో మాత్రం బాగా చిరాకేసింది. 62.5 అడిగితే "అది లేదు మేడం, ఈ కంపెనీ తీసుకోండి, మందు ఒకటేగా" అని వేరే బ్రాండ్ చేతిలో పెట్టారు, మా ఆయన తిరిగిచ్చేసి వచ్చారు. పేరుకి మందు ఒకటే అయినా కంపెనీ మారితే ఒంటికి పట్టేది కాస్త అటూ ఇటూ కావచ్చు, మార్చక తప్పకపోతే డాక్టరుకి చెప్పి ఆరు వారాలకి మళ్ళీ టెస్టు చేయించుకోవాలి. 62.5, 88 లాంటివి ప్రతి షాపులోనూ ఉండవు, సీసాలో వారానికి సరిపడా మాత్రలు ఉండగానే చెప్పి తెప్పించుకోండి.