కల్గూర్లీలో ఇల్లు చూసొచ్చాం - అద్దెకా, కొనుక్కోవాలా?

మా తమ్ముడికి పశ్చిమ ఆస్ట్రేలియాలోని కల్గూర్లీలో గోల్డ్ మైన్ జాబ్ ఆఫర్ వచ్చింది, చేరేలోపు ఊరు చూసి ఇల్లు మాట్లాడుకుందామని పెర్త్ నుంచి ఇద్దరం వెళ్ళాం. రోడ్డు మీద దాదాపు 600 కిలోమీటర్లు. ప్రాస్పెక్టర్ ట్రైన్ అయితే 7 గంటల్లోపే, అలసట ఉండదు, కానీ ఇళ్ళు తిరిగి చూడాలంటే కార్ ఉండాల్సిందే, అందుకే డ్రైవ్ చేశాం. చీకటి పడ్డాక మాత్రం నడపకండి, కంగారూలు ఎక్కడనుంచి వస్తాయో తెలీదు.

మోటెల్ రూమ్ ముందే బుక్ చేస్కోండి. వీక్‌డేస్‌లో కాంట్రాక్టర్లతో నిండిపోతాయి, మాకు శుక్రవారం నుంచి రేటు తగ్గింది. రూమ్ చిన్నదే గానీ శుభ్రంగా ఉంది, కిచెనెట్ ఉండటంతో అన్నం వండుకున్నాం.

ఇంక ఇళ్ళ సంగతి. ఊరికి ఆనుకునే ఉన్న బౌల్డర్ వైపు అద్దె తక్కువ, పాత చెక్క, రేకుల ఇళ్ళు ఎక్కువ. సూపర్ పిట్ అనే పెద్ద ఓపెన్ గోల్డ్ మైన్ అంచు అక్కడికి బాగా దగ్గర, బ్లాస్టింగ్ అప్పుడు కిటికీలు అదురుతాయని మేం చూసిన ఇంటి పక్కావిడే చెప్పింది. 2010 ఏప్రిల్‌లో వచ్చిన భూకంపానికి బౌల్డర్ బర్ట్ స్ట్రీట్ పాత బిల్డింగులు బాగా దెబ్బతిన్నాయి, కాబట్టి అక్కడ కొనేవాళ్ళు గోడల పగుళ్ళు, చెదలు, ఆస్బెస్టాస్ షీట్లు ఉన్నాయా అని ఇన్‌స్పెక్షన్ చేయించకుండా సంతకం పెట్టొద్దు. సోమర్‌విల్, హన్నన్స్ వైపు కొత్త ఇటుక ఇళ్ళు, పిల్లలున్నవాళ్ళకి నేనైతే అవే చెప్తా. ఒక ఏజెంట్ ఇల్లు చూపిస్తానని టైమ్ ఇచ్చి తనే రాలేదు, ఎండలో గేటు దగ్గర నిలబెట్టాడు, అది చాలా కోపం తెప్పించింది. అద్దె వారం లెక్కన చెప్తారు, బాండ్ (అంటే అడ్వాన్స్ డిపాజిట్) మామూలుగా నాలుగు వారాలది. కూలర్ ఉందా అని తప్పకుండా అడగండి, గాలి పొడిగా ఉంటుంది కాబట్టి అది చాలు.

నీళ్ళు పెర్త్ దగ్గర కొండల్లోని ముండారింగ్ నుంచి 500 కిలోమీటర్లకు పైగా పైపులో వస్తాయి, 1903 నుంచీ అంతే, వచ్చేటప్పుడు హైవే పక్కనే ఆ పైపు కనపడుతూ ఉంటుంది. కోల్స్, వూల్‌వర్త్స్ సూపర్‌మార్కెట్లు ఉన్నాయి, హాస్పిటల్ ఉంది, అయితే కొన్ని స్పెషలిస్ట్ ట్రీట్‌మెంట్లకి పెర్త్ వెళ్ళాలి, పెద్దవాళ్ళని తెచ్చుకునేవాళ్ళు ఇది ఆలోచించుకోవాలి.

కొనడం గురించి తమ్ముడు తెగ ఉబలాటపడ్డాడు, ఎందుకంటే ఇంటి ధరతో పోలిస్తే అద్దె బాగా వస్తుంది. నేనే వద్దన్నా. బంగారం ధర బాగున్నప్పుడు అందరికీ అలాగే కనిపిస్తుంది. నికెల్ ధర పడిపోయి 2024 అక్టోబర్‌లో బీహెచ్‌పీ అనే మైనింగ్ కంపెనీ వాళ్ళు నికెల్ వెస్ట్ అనే తమ నికెల్ వ్యాపారం ఆపేశారు, ఇక్కడి స్మెల్టర్ (ఖనిజం కరిగించే ఫ్యాక్టరీ) కూడా ఆగింది. క్వీన్స్‌లాండ్‌లో బొగ్గు ఊరు మొరన్‌బాలో 2012 ప్రాంతంలో 7 లక్షల డాలర్ల దాకా పలికిన ఇళ్ళు తర్వాత నాలుగైదేళ్ళలో దాదాపు మూడో వంతుకి పడిపోయాయి, అప్పు చేసి కొన్నవాళ్ళు ఏమైపోయారో తల్చుకుంటే భయమేస్తుంది. కల్గూర్లీ దానికంటే పెద్ద ఊరే, 1893 నుంచి తవ్వుతూనే ఉన్నారు, ఒక్క కంపెనీ మీద బతికే ఊరు కాదు, అయినా ముందు ఏడాది అద్దెకుండి ప్రొబేషన్ దాటనీ అన్నా. చివరికి సోమర్‌విల్‌లో మూడు బెడ్‌రూమ్‌ల ఇంటికి అప్లై చేశాం, కంపెనీ హౌసింగ్ అలవెన్స్ ఎంతిస్తుందో ఆఫర్ లెటర్‌లో రాసివ్వమని హెచ్ఆర్‌కి మెయిల్ పెట్టాడు.