తొడల్లో ఆరున్నర సెంటీమీటర్లు: ఐదేళ్లు దాటాక నా సమీక్ష

ఎత్తు పెంచుకునే ఆపరేషన్ మీద నేను చదివిన రివ్యూల్లో చాలావరకు ఆస్పత్రి మంచం మీద నుంచో, వాకర్ వదిలేసిన వారంలోనో రాసినవే. అప్పటికి మనిషి నొప్పిలోనో సంబరంలోనో ఉంటాడు. నాకు ఆపరేషన్ అయి ఐదేళ్లు దాటింది, లోపలి రాడ్లు కూడా తీయించేశాను. ఈ కాళ్లతో బతకడం ఎలా ఉందో, వాటి గురించి నలుగురికీ చెప్పుకోవడం ఎలా ఉందో రాస్తాను. రెండోదే ఎక్కువ రాస్తానేమో. ఎముక ఏడాదిలో గట్టిపడింది కానీ జనం అడగడం మాత్రం ఇంకా ఆగలేదు.

ముందు లెక్కలు. అప్పుడు 160.5 సెంటీమీటర్లు, ఇప్పుడు 167. రెండు తొడ ఎముకలూ ఒకేసారి చేశారు. లోపల టైటానియం రాడ్, తొడ పక్కన బయటికి ఫిక్సేటర్, అంటే ఎముకలోకి దిగిన పిన్నులను పట్టి ఉంచే లోహపు చట్రం. ఎముకను కోసి, వారం రోజులు కదపకుండా ఉంచి, తర్వాత రోజుకు 1 మిల్లీమీటరు చొప్పున సందు పెంచుతారు. అదీ ఒక్కసారిగా కాదు, పావు మిల్లీమీటరు చొప్పున నాలుగుసార్లు స్పానర్‌తో తిప్పుకోవాలి. ఆ సందులో ఒంట్లోంచే కొత్త ఎముక పుడుతుంది. మొదట్లో ఎక్స్‌రేలో పొగలా కనిపిస్తుంది, నెలలు గడిచేకొద్దీ తెల్లగా చిక్కబడుతుంది. 1950ల్లో సైబీరియాలోని కుర్గాన్‌లో ఇలిజరోవ్ అనే డాక్టర్, విరిగి అతుక్కోని కాళ్లకు వైద్యం చేస్తూ పట్టుకున్న సూత్రం ఇది. యాక్సిడెంట్లలో ఎముక ముక్కలు పోయినవాళ్లకీ, ఒక కాలు పొట్టిగా ఉన్నవాళ్లకీ ఇప్పటికీ ఈ సూత్రం మీదే చికిత్స చేస్తారు. నాకు అలాంటిదేమీ లేదు. పొట్టిగా ఉండటం నచ్చలేదు, చేయించుకున్నాను.

సాగదీసిన ఆ రెండు నెలల పైచిలుకు గురించి ఎక్కువ రాయను, అందరూ రాశారు. రాత్రులు నిద్ర పట్టదు. ఎముక అతుక్కోవడం ఆలస్యమవుతుందని కొన్ని రకాల నొప్పి మాత్రలు ఇవ్వరు, సిగరెట్ ముట్టుకోనివ్వరు. పిన్నుల చుట్టూ చీము పట్టకుండా రోజూ శుభ్రం చేసుకోవాలి. ప్యాంటు అన్న మాటే ఉండదు, లుంగీలే. ఎముక చెప్పినట్టు వింటుంది కానీ కండరం వినదు. తొడ కండరాలు బిగిసి మోకాలు వంగనంటే, నాకు మధ్యలో వేగం 0.75 మిల్లీమీటర్లకు తగ్గించారు. ఫిజియో రాకపోయిన రోజు మోకాలు ఎంత మొండికేసేదో మా ఇంట్లో అందరికీ తెలుసు.

ఇక కాళ్ల సంగతి. నడక బాగుంది. కొత్తపేట నుంచి హైటెక్ సిటీకి మెట్రోలో వెళ్తాను. అమీర్‌పేటలో లైన్ మారేటప్పుడు మెట్లు ఎక్కి దిగడానికి ఇబ్బంది లేదు, రైల్లో నిలబడితే పైన పట్టుకునే కమ్మీ హాయిగా అందుతుంది. ప్యాంటు కొన్న ప్రతిసారీ కింద కత్తిరించి కుట్టించుకునే పని తప్పింది. ఇది చిన్న విషయంలా ఉంటుంది గానీ, ఇన్నేళ్లలో నాకు ఎక్కువసార్లు సంతోషం ఇచ్చింది ఇదే. పరుగు మాత్రం మునుపటిలా లేదు. పరిగెత్తగలను, కానీ బస్సు కోసం ఒక్కసారిగా ఉరకాలంటే ఒళ్లు ఒక క్షణం ఆలోచిస్తుంది. డిసెంబరు, జనవరి ఉదయాల్లో తొడలు పట్టేసినట్టుంటాయి, కాసేపు అటూ ఇటూ తిరిగితే వదులుతాయి.

కింద కూర్చోవడం దగ్గర అసలు చిక్కు. బాసింపట్టు వేసుకుని కూర్చోవడానికి ఏడాదిన్నర పైనే పట్టింది. ఇప్పటికీ సత్యనారాయణ వ్రతంలో కథ ఐదో అధ్యాయానికి వచ్చేసరికి నేను గోడ వైపు జరుగుతూ ఉంటాను. గొంతుకూర్చోవడం వచ్చింది కానీ మడమలు పూర్తిగా నేలకు ఆనవు. పల్లెటూళ్లో చుట్టాలింటికి వెళ్లేముందు బాత్రూమ్ ఏ రకమో ఫోన్ చేసి కనుక్కుంటాను, సిగ్గేమీ లేదు. తొడలు సాగాయి, చేతులు సాగలేదు కాబట్టి వంగి బూట్ల లేసు కట్టుకోవడం కూడా ఇదివరకటి కంటే కాస్త దూరం.

ఇంకో సంగతి ఎవరూ ముందే చెప్పరు. పెరిగేది నిలబడినప్పుడే. కుర్చీలో కూర్చుంటే నేను పాత మనిషినే, నడుం పైభాగం ఏమీ మారదు కదా. ఆఫీసు మీటింగ్‌లో, వీడియో కాల్‌లో, కారు వెనక సీట్లో ఆ ఆరున్నర సెంటీమీటర్లు ఎక్కడికి పోతాయో తెలీదు. పైగా ఆర్టీసీ బస్సులో మోకాళ్లు ముందు సీటుకు తగులుతాయి. పొడుగువాళ్లకుండే కష్టాల్లో ముందుగా నాకు దక్కింది అదే.

ఇప్పుడు చెప్పుకోవడం గురించి.

హైదరాబాద్‌లో ఈ ఆపరేషన్ మాటెత్తితే 2016 గుర్తొస్తుంది జనానికి. ఆ ఏప్రిల్‌లో ఒక సాఫ్ట్‌వేర్ కుర్రాడు ఇంట్లో చెప్పకుండా చేయించుకోవడం, తల్లిదండ్రులు కొడుకు కనిపించడం లేదని వెతుక్కుంటూ ఆస్పత్రికి రావడం, టీవీ చానెళ్లు దాన్ని ఆడుకోవడం మా అమ్మకు బాగా గుర్తు. అందుకే నేను మొదట చెప్పింది అమ్మకే, ఆపరేషన్‌కు చాలా ముందు. "టీవీల వచ్చిండే ఆ పిల్లగాడు, గట్లనా?" అంది. అట్లనే అమ్మా, కాకపోతే నీకు చెప్పి చేయించుకుంటున్న అన్నాను. డాక్టర్ దగ్గరికి తనూ వచ్చింది. "నా కొడుక్కు ఏం తక్కువైంది సారూ?" అని అడిగితే, "ఏం తక్కువ కాలేదమ్మా, ఆయనకూ అదే చెప్పిన" అన్నాడాయన. మానసిక నిపుణుడితో మాట్లాడి వస్తే గానీ తేదీ ఇవ్వనన్నాడు కూడా. అలా అడగని డాక్టర్ దగ్గర చేయించుకోవద్దని నా సలహా. అద్దంలో ఏది చూసినా నచ్చని మనిషికి ఎత్తు పెరిగితే ఆ అయిష్టం ముక్కు మీదికో జుట్టు మీదికో పోతుంది తప్ప తగ్గదు.

అమ్మ తర్వాత ఒక్క మాట అనలేదు. వారం వారం పాయా వండి పెట్టింది. మేక కాళ్ల రసంతో మనిషి కాలు అతుక్కుంటుందని ఫిజియోతో వాదన కూడా పెట్టుకుంది. నాన్న మాత్రం ఇప్పటికీ పెద్ద అంబర్‌పేట వైపు వెళ్లినప్పుడల్లా, "ఆ పైసలతోని ఈడ ప్లాటు వచ్చేది" అంటాడు, ఇప్పటి గజం రేటుతో సహా. అందులో అబద్ధమేమీ లేదు కాబట్టి నేను జవాబివ్వను.

చుట్టాలకు ఏం చెప్పాలన్నది పెద్ద టెన్షన్. యాక్సిడెంట్ అయిందని చెప్పమని మా బావ సలహా. నేను వద్దన్నాను. యాక్సిడెంట్ అంటే ఎక్కడ, ఏ బండి, కేసు పెట్టారా అని పది ప్రశ్నలొస్తాయి, ఒక్కో ఇంట్లో ఒక్కో జవాబు గుర్తుపెట్టుకోవాలి. పైగా రెండు కాళ్లూ సరిగ్గా ఒకే కొలత పొడుగయ్యే యాక్సిడెంట్ ఎక్కడుంటుంది? ఎల్బీనగర్‌లో ఒక పెళ్లిలో మా మేనత్త చేయి పట్టుకుని ఆపింది. "ఏంది బిడ్డా, గింత పొడుగైనవ్?" "ఆపరేషన్ చేయించుకున్న అత్తా." "ఎందుకు?" "పొడుగు కావాలనిపించింది." అంతే, సంభాషణ అక్కడ చచ్చిపోయింది. ఇంకా తవ్వడానికి ఆమెకు ఏమీ మిగల్లేదు. పూర్తి నిజాన్ని రెండు ముక్కల్లో చెబితే జనం తొందరగా వదిలేస్తారు, సంజాయిషీ మొదలుపెడితేనే పట్టుకుంటారు. అప్పటి నుంచీ అందరికీ ఆ రెండు ముక్కలే. తర్వాత వచ్చే ప్రశ్న ఎప్పుడూ ఒకటే: ఎంతైంది? ఇన్సూరెన్స్ రాదని చెబితే నా కంటే వాళ్లే ఎక్కువ బాధపడతారు. అందం కోసం చేయించుకునే ఆపరేషన్లకు పాలసీలో డబ్బు రాదు మరి.

ఆఫీసులో ఇంత అక్కర్లేదు. కాళ్లకు సర్జరీ, ఇంటి నుంచి పని చేస్తాను అన్నాను, సరిపోయింది. తిరిగి వెళ్లాక ఇద్దరు ముగ్గురు నా బూట్ల వైపు చూశారు. ఒకడు టీ దగ్గర నేరుగా అడిగాడు, నేరుగా చెప్పాను. వారంలో ఫ్లోర్ మొత్తానికి తెలిసింది, నెలలో అందరూ మర్చిపోయారు.

పెళ్లి సంబంధాల దగ్గర మాత్రం రెండు ముక్కలు చాలవు. ప్రొఫైల్‌లో 167 అనే పెట్టాను, అది అబద్ధం కాదు. కానీ పెద్దవాళ్ల మాటలు మొదలవకముందే అమ్మాయితో ఫోన్‌లో విషయం చెప్పేసేవాణ్ణి. ఒక సంబంధం దీని మీదే పోయింది. అబ్బాయికి మతి స్థిమితం ఉందా అని అడిగారట మధ్యవర్తిని. ఆ ప్రశ్నకు కోపం రాలేదు. ఆరోగ్యంగా ఉన్న కాలు కోయించుకున్నవాడి గురించి ఆడపిల్ల తండ్రి అడగాల్సిన ప్రశ్నే అది. మా మామగారైతే ఇంకోటి అడిగారు: "మరి పిల్లలు పొడుగైతరా?" అవ్వరు సార్, కాళ్లే మారాయి, జీన్స్ పాతవే అన్నాను. ఆయన నా ప్యాంటు వైపు చూశారు. ఆ జీన్స్ కాదు, వంశం నుంచి వచ్చేవి అని మా ఆవిడే సర్ది చెప్పింది. ఇప్పుడు కూడా సోఫాలో పక్కన కూర్చున్నప్పుడు తల పక్కన తల పెట్టి, "ఇప్పుడు నేనే పొడుగు" అంటుంది. కొలిస్తే నిజమే.

డాక్టర్లకు మాత్రం అడగకపోయినా చెప్పండి. మోకాలి నొప్పికి వెళ్లినా, ఇంకే ఆపరేషన్‌కు వెళ్లినా పాత ఎక్స్‌రేలు చూపించాలి. రాడ్లు ఉన్నన్నాళ్లు విమానాశ్రయంలో ఒక్కోసారి బీప్ అనేది, డిశ్చార్జ్ సమ్మరీ ఫొటో ఫోన్‌లో ఉంచుకునేవాణ్ణి. రాడ్లు తీయించడం రెండో ఆపరేషన్ అని గుర్తుంచుకోండి, దానికీ డబ్బు, సెలవు పక్కన పెట్టుకోవాలి. తీశాక స్క్రూల రంధ్రాలు పూడేదాకా కొన్ని వారాలు గెంతడం, బరువులెత్తడం కూడదు.

నా సంగతి తెలిసినవాళ్ల ద్వారా కుర్రాళ్లు ఫోన్ చేస్తుంటారు. సగం మంది పోలీసు ఉద్యోగం కోసం అడిగేవాళ్లే. తెలంగాణలో మగవాళ్లకు కానిస్టేబుల్‌కూ ఎస్‌ఐకీ 167.6 సెంటీమీటర్లు కావాలి. అంటే ఇంత చేసి నేను కూడా ఆరు మిల్లీమీటర్లు తక్కువే! ఎత్తు ఒక్కటే కాదు, 1600 మీటర్ల పరుగుంది, లాంగ్ జంప్ ఉంది, మెడికల్ టెస్టుంది. ఈ కాళ్లతో ఆ పరుగు గెలుస్తానని నేనైతే పందెం కట్టను. ఉద్యోగం కోసం ఇది వద్దని ప్రతి ఒక్కరికీ చెబుతాను.

కాళ్లకు ఐదుకు నాలుగు ఇస్తాను, కింద కూర్చునే రోజుల్లో మూడు. కొంతమంది తొడలయ్యాక కొన్నాళ్లకు మోకాళ్ల కింది ఎముకలు కూడా సాగదీయించుకుంటారు. నేనూ చేయించుకుంటానా అని డాక్టర్ ఒకసారి అడిగారు. అక్కడ మడమ వెనక, కండరాన్ని ఎముకకు కలిపే పట్టీ బిగిసి పాదం కిందికి వాలిపోయే ఇబ్బంది అదనం, ఎముక కట్టుకోవడానికి పట్టే కాలమూ ఎక్కువ. ఇంట్లో నడక నేర్చుకుంటున్న పాప ఉంది, నెలల తరబడి ఎత్తుకోకుండా ఉండటం నా వల్ల కాదన్నాను.