ఆన్‌లైన్ పోకర్‌లో తేలిక గెలుపు ఎన్నాళ్లు: పాత ఆటగాడి సమీక్ష

పోకర్‌లో తేలికగా గెలిచిన రోజులు ఉన్నాయి. ఆ రోజుల్లో నేనూ కొంత సంపాదించాను. కొత్తగా యాప్ దించుకున్నవాళ్లు ఇప్పటికీ అలా గెలవవచ్చా అని అడుగుతుంటే, స్టార్లు వేసి ఊరుకోవడం కుదరక ఇది రాస్తున్నాను.

నాది విజయనగరం. ఒక ఆడిటరు గారి దగ్గర లెక్కలు చూస్తాను. మా వైపు పేకాట అంటే రమ్మీ, మూడు ముక్కలాట. సంక్రాంతికి వచ్చిన బావలూ బావమరుదులూ చాప పరిచారంటే ఈ రెండే. పోకర్ మా దాకా వచ్చింది ఫోనులోనే, 2016 ప్రాంతంలో. మూడు ముక్కలాట అలవాటుతో వచ్చినవాళ్లు దీన్ని కూడా ధైర్యం ఆట అనుకున్నారు. మొదట చేతికి వచ్చే రెండు ముక్కల జతలు 1,326 ఉంటాయి. రెండూ ఒకే గుర్తువా కాదా అన్నంత వరకే చూస్తే 169 రకాలు. వాటిలో ఎక్కువ భాగం పారేయదగినవే. కానీ పారేయడం మనవాళ్లకు నామోషీ. కళావరు ఏడు, ఆఠీను రెండు పట్టుకుని చివరిదాకా డబ్బు పెట్టేవారు. మంచి ముక్కలు పడేదాకా ఓపిక పట్టి, పడ్డాక గట్టిగా రైజ్ చేయడం, అంటే పందెం పెంచడం తప్ప నాకు వేరే విద్య అవసరం పడలేదు. చేతిలో ఏమీ లేకపోయినా ఉన్నట్టు పందెం కట్టి బెదిరించే బ్లఫ్ జోలికే పోలేదు. నమ్మి ఫోల్డ్ చేసేవాడు, అంటే ముక్కలు పారేసి తప్పుకునేవాడు ఎదురుగా ఉంటే కదా!

యాప్ పనితనం బాగానే ఉండేది. ఆడిన ప్రతి ఆట వివరం దాచిపెట్టేది, ఎదుటివాడి పేరు పక్కన మన గుర్తులు రాసుకోనిచ్చేది, గెలిచిన డబ్బు బ్యాంకుకు సకాలంలో వచ్చేది. నెట్ తెగితే కొన్ని సెకన్లే గడువు, తర్వాత ఫోల్డ్. గాలివానకు కరెంటు పోయే ఊళ్లలో ఇది చిక్కే. ఇంకో తమాషా ఉంది. శ్రీకాకుళం జిల్లా దాటేదాకా రైల్లో హాయిగా ఆడుకునేవాడిని. ఇచ్ఛాపురం దాటి ఒడిశాలో అడుగు పెట్టగానే, అక్కడి చట్టం ఒప్పుకోదు కాబట్టి డబ్బు టేబుళ్లు మూసుకుపోయేవి.

ఇక అసలు సంగతి. ప్రతి పందెం సొమ్ములోంచి యాప్ తన కమీషన్ తీసుకునేది. నూరు రూపాయల పందెంలో అయిదు అనుకుందాం. టేబుల్ చుట్టూ ఉన్న ఆరుగురూ సమానమైన ఆటగాళ్లే అయితే చివరికి ఆరుగురూ ఓడతారు, మిగిలేది యాప్ ఒక్కటే. అంటే మనం బాగా ఆడితే చాలదు, ఆ కమీషన్‌కు మించిన తప్పులు చేసేవాడు ఎవరో ఒకరు ఎదురుగా కూర్చోవాలి. వాడేమో డబ్బు అయిపోయాక వెళ్లిపోతాడు, లేదా నేర్చుకుంటాడు. ఏది జరిగినా మనకు నష్టమే. కొత్తవాళ్లు వస్తూ ఉంటేనే తేలిక గెలుపు.

ప్రపంచంలో జరిగిందీ ఇదే. 2003లో క్రిస్ మనీమేకర్ అనే అకౌంటెంట్ ఆన్‌లైన్ పోటీలో చోటు గెలుచుకుని లాస్ వేగస్ వెళ్లి, 839 మంది ఆడిన ప్రపంచ పోటీలో 25 లక్షల డాలర్లు గెలిచాడు. (మా వృత్తివాడే, ఆ మాత్రం గర్వం నాకుంది.) 2006కల్లా అదే పోటీకి 8,773 మంది వచ్చారు. ఆ నడుమ ఆన్‌లైన్‌లో ఆడినవాళ్లు ఆ రోజుల గురించి ఇప్పటికీ ఊరిస్తూ చెబుతారు. 2006లోనే అమెరికా ఆన్‌లైన్ జూదం చెల్లింపులకు అడ్డుకట్ట వేసింది, 2011 ఏప్రిల్ 15న పెద్ద సైట్లను తన దేశంలో మూయించింది. కొత్తవాళ్ల రాక తగ్గింది, ముదిరినవాళ్లు మిగిలారు.

రెండో దెబ్బ కంప్యూటర్లు కొట్టాయి. 2017లో అమెరికాలోని కార్నెగీ మెలన్ విశ్వవిద్యాలయం వారి లిబ్రాటస్ అనే పోకర్ ప్రోగ్రాం నలుగురు వృత్తి ఆటగాళ్లతో 1,20,000 ఆటలాడి గెలిచింది. 2019లో ప్లురిబస్ అనే ఇంకో ప్రోగ్రాం ఆరుగురి టేబుల్ మీదా అదే చేసింది. మా చిన్న టేబుళ్ల దగ్గరికి అవి వచ్చి కూర్చోలేదు. కానీ టేబుల్ దగ్గర ఏ స్థానంలో కూర్చుంటే ఏ ముక్కలతో రైజ్ చేయాలో లెక్కగట్టి చెప్పే పట్టికలు వీడియోల్లో ఉచితంగా దొరకసాగాయి. 2019 వచ్చేసరికి ఇంజినీరింగ్ కుర్రాళ్లకు అవి నోటికి వచ్చేశాయి. నా ఓపిక విద్యను వాళ్లు ఇట్టే పసిగట్టేవారు. నేను రైజ్ చేస్తే చాలు, అందరూ ఫోల్డ్.

2020 లాక్‌డౌన్‌లో ఒక్కసారి మళ్లీ పాత రోజులు వచ్చాయి. ఏ ముక్కల కూర్పు కన్నా ఏది పెద్దదో తెలియనివాళ్లు అర్ధరాత్రిదాకా ఆడేవారు. ఆ సెప్టెంబరులోనే మన ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ఆన్‌లైన్ రమ్మీ, పోకర్‌లను నిషేధించింది. తెలంగాణ ఆ పని 2017లోనే చేసింది. నా డబ్బు ఆట అక్కడితో సరి.

బెంగళూరులో ఉన్న మా బావమరిది మాత్రం కొనసాగించాడు. 2023 ఏప్రిల్ నుంచి నికర గెలుపుపై 30 శాతం టీడీఎస్, అక్టోబరు నుంచి జమ చేసిన సొమ్ముపై 28 శాతం జీఎస్టీ. నూరు రూపాయలు వేస్తే పన్ను పోను మిగిలేది సుమారు 78. యాప్‌లు కొన్నాళ్లు ఆ తేడాను బోనస్‌గా ఇచ్చి కొత్తవాళ్లను నిలుపుకోవాలని చూశాయి. లెక్క వేసి చూపించి, "బావా, ఇక మిగిలేది నిద్రలేమి ఒక్కటే" అన్నాను. వినలేదు. 2025 ఆగస్టులో డబ్బు ఆటలన్నిటినీ నిషేధిస్తూ పార్లమెంటు చట్టం చేశాక తనూ మానేశాడు.

ఇప్పుడు నేను ఉచిత చిప్స్‌తోనే, అంటే డబ్బు విలువ లేని ఆట బిళ్లలతోనే ఆడుతున్నాను. ఇక్కడి టేబుళ్లు ఎప్పటికీ తేలికే. పోయేదేమీ లేదు గనుక ఎవరూ నేర్చుకోరు, ఎవరూ వెళ్లిపోరు, ప్రతి ఆటకూ ఉన్న చిప్స్ అన్నీ తోసేస్తారు. కాలక్షేపానికి మూడు స్టార్లు. లెక్కలు సాధన చేయాలనుకునేవారికి ఒకటి, ఎందుకంటే ఇక్కడ అలవాటైన ఆట గట్టివాళ్ల ముందు పనికిరాదు. డబ్బుతో ఆడిస్తాం, ఆటగాళ్లు అమాయకులు అంటూ ఫోనుకు లింకులు పంపే విదేశీ సైట్లకు మాత్రం ఒక్క స్టారు కూడా వేయను. చట్టం సంగతి అటుంచితే, గెలిచిన సొమ్ము ఎగ్గొడితే అడగడానికి వాళ్లకు ఇక్కడ ఆఫీసూ లేదు, మనిషీ లేడు.