చైనాలో ఇంగ్లిష్ పాఠాలు: కాలేజీ మేలా, స్పోకెన్ సెంటర్ మేలా?

మా అక్క కూతురు న్యూజెర్సీలో పుట్టింది, డిగ్రీ కూడా అక్కడే. పోయిన నెల ఫోన్ చేసి, "పిన్నీ, చైనా నుంచి రెండు ఆఫర్లు వచ్చాయి. ఏది తీసుకోను?" అంది. ఒకటి హునాన్ అనే రాష్ట్రంలో ఓ మోస్తరు ఊళ్లో ప్రభుత్వ కాలేజీ. నెలకు 9,000 యువాన్లు, క్యాంపస్‌లోనే ఉచితంగా ఫ్లాటు, వారానికి 16 పీరియడ్లు. రెండోది షాంఘైలో పెద్దవాళ్లకు స్పోకెన్ ఇంగ్లిష్ నేర్పే ప్రైవేటు సెంటర్. 20,000 యువాన్లు ఇస్తారు, ఇల్లు మనమే వెతుక్కోవాలి. యువాన్ దాదాపు 12 రూపాయలనుకుంటే ఒకటి లక్షా ఎనిమిది వేలు, ఇంకోటి రెండు లక్షల నలభై వేలు. ఇందులో ఆలోచించడానికి ఏముందే అంది మా అక్క.

నాది బ్రిటిష్ పాస్‌పోర్టు. హునాన్‌లోనే వేరే ఊళ్లో రెండేళ్లు కాలేజీ పిల్లలకు ఇంగ్లిష్ చెప్పాను. అందుకే నన్ను అడిగింది.

అసలు ఈ ఉద్యోగాలు అందరికీ దొరకవు. ఇంగ్లిష్ టీచరుగా వర్క్ పర్మిట్ కావాలంటే ఆ భాష మాతృభాషగా ఉన్న దేశపు పౌరులై ఉండాలన్నది అక్కడి సాధారణ నియమం. అమెరికా, బ్రిటన్, కెనడా, ఆస్ట్రేలియా, న్యూజిలాండ్, ఐర్లాండ్, దక్షిణాఫ్రికా అని లెక్క. దానితోపాటు డిగ్రీ, రెండేళ్ల అనుభవం ఉండాలి. అనుభవం లేకపోతే టెఫెల్ అని, పరాయి భాషవాళ్లకు ఇంగ్లిష్ నేర్పడంలో 120 గంటల శిక్షణ సర్టిఫికెట్ అడుగుతారు. హైదరాబాద్‌లో ఇరవై ఏళ్లు ఇంగ్లిష్ చెప్పినవాళ్లకైనా ఇండియన్ పాస్‌పోర్టుతో ఇది కష్టం. ఇక్కడే ఏజెంట్లు మోసం చేస్తారు. "ముందు బిజినెస్ వీసా మీద రండి, తర్వాత మార్పిద్దాం" అంటారు. నమ్మకండి. ఉద్యోగానికి జెడ్ వీసా (పని వీసా) మీదే వెళ్లాలి, దిగిన 30 రోజుల్లో రెసిడెన్స్ పర్మిట్‌కు అప్లై చేసుకోవాలి. పర్మిట్ లేకుండా పాఠం చెబుతూ దొరికితే 5,000 నుంచి 20,000 యువాన్ల జరిమానా. గట్టి కేసైతే 5 నుంచి 15 రోజులు లోపల వేస్తారు కూడా.

ఇక జీతం. మా అక్క కూతుర్ని కాగితం, పెన్ను తీసుకోమన్నాను. కాలేజీలో పీరియడు 45 నిమిషాలు. 16 పీరియడ్లంటే వారానికి 12 గంటలు, నెలకు 48. గంటకు 187 యువాన్లు పడుతుంది. షాంఘై సెంటర్‌లో వారానికి 25 గంటల క్లాసులు, మిగతా 15 గంటలు ఆఫీసులో కూర్చోవాలి. అది కూడా మధ్యాహ్నం ఒంటి గంట నుంచి రాత్రి తొమ్మిది దాకా. శని, ఆదివారాలే వాళ్లకు అసలు గిరాకీ కాబట్టి సెలవు సోమ, మంగళవారాల్లో. తను చూసుకున్న గది అద్దె 6,000. అది తీసేస్తే మిగిలేది 14,000. క్లాసు గంటలతో భాగిస్తే 140, ఆఫీసు గంటలూ కలిపితే 87. రెండింటికీ పన్ను కట్టకముందు లెక్కే ఇది. పన్నులోనూ కాలేజీదే పైచేయి. అమెరికా, చైనాల మధ్య ఉన్న పన్ను ఒప్పందంలో కాలేజీల్లో, స్కూళ్లలో చెప్పడానికి వచ్చిన టీచర్లకు మూడేళ్ల దాకా మినహాయింపు ఉంది. స్పోకెన్ సెంటర్‌కు అది దొరుకుతుందని నేనైతే ఆశపడను.

"అయినా చేతిలో మిగిలేది షాంఘైలోనే ఎక్కువ కదా పిన్నీ?" అంది. నిజమే. చదువు అప్పు తీర్చాల్సినవాళ్లయితే అటే వెళ్లమంటాను. దీనికి అప్పు లేదు.

సెంటర్ విషయంలో నా భయం వేరే. 2021 జూలైలో చైనా ప్రభుత్వం ట్యూషన్ వ్యాపారం మీద ఒక్కసారిగా పడింది. తొమ్మిదో తరగతి దాకా స్కూలు సబ్జెక్టుల్లో లాభం కోసం ట్యూషన్లు నడపకూడదు, సెలవుల్లో క్లాసులు పెట్టకూడదు, విదేశాల్లో ఉన్న టీచర్లతో ఆన్‌లైన్‌లో పిల్లలకు చెప్పించకూడదు. ఇంగ్లిష్ కూడా స్కూలు సబ్జెక్టే. టీచర్లు రాత్రికి రాత్రి రోడ్డున పడ్డారు. పెద్దవాళ్ల సెంటర్లకు ఆ నిబంధన నేరుగా వర్తించదు. కానీ ఆ వ్యాపారం నడిచేది ముందుగా వసూలు చేసుకున్న ఫీజుల మీద. కొత్త చేరికలు తగ్గితే మొదట ఆగేది జీతమే. వర్క్ పర్మిట్ ఉద్యోగం ఇచ్చినవాళ్ల పేరుతోనే ముడిపడి ఉంటుంది. వాళ్లు విడుదల పత్రం ఇవ్వకపోతే ఇంకోచోట చేరడం కూడా కష్టమే.

అలాగని కాలేజీ ఉద్యోగం పూలపాన్పేమీ కాదు. క్లాసులో నలభై, యాభై మంది. మొదటి బెంచీలు ఖాళీ, వెనక బెంచీలు కిటకిట. ప్రశ్న అడిగితే అందరూ తలలు దించుకుంటారు. రాక కాదు, తప్పు మాట్లాడితే పదిమందిలో పరువు పోతుందని. వాళ్ల టెన్షన్ అంతా సీఈటీ-4 అని, కాలేజీ పిల్లలు దేశమంతటా రాసే ఇంగ్లిష్ పరీక్ష మీద. 710 మార్కులకు 425 వస్తే పాసైనట్టు. అందులో వినడం, చదవడం, రాయడం, అనువాదం ఉంటాయి. మాట్లాడే పరీక్ష వేరుగా ఉంటుంది, రాసేవాళ్లు రాస్తారు. మనం చెప్పేదేమో మాట్లాడే ఇంగ్లిష్! ఆ సంగతి పిల్లలకు తెలుసు, కాలేజీకీ తెలుసు. రెండేళ్లలో ఒక్కరు కూడా వచ్చి నా క్లాసు వినలేదు. సెంటర్‌లో అయితే ట్రైనింగ్ ఇస్తారు, క్లాసులో కూర్చుని తప్పులు చెబుతారు. టీచరుగా ఎదగాలనుకుంటే ఈ ఒక్క విషయంలో సెంటరే మేలు.

నేను తడబడింది సెలవుల దగ్గర. అక్టోబరు 1 జాతీయ దినోత్సవానికి వరస సెలవులిస్తారు, ఆ బదులు ఏదో ఆదివారం క్లాసులు పెట్టేస్తారు. శనివారం సాయంత్రం క్లాస్ లీడర్ వీచాట్‌లో (అక్కడి వాట్సాప్ లాంటిది) మెసేజ్ పెట్టింది, "టీచర్, రేపు శుక్రవారం టైంటేబుల్" అని. సినిమా టికెట్టు వృథా అయింది.

ఇంకోటి, మన మొహం. విదేశీ టీచరంటే తెల్లవాళ్లే వస్తారనుకుంటారు. మొదటి రోజు నన్ను చూసి క్లాసంతా గుసగుసలు. రెండో వారానికి అమీర్ ఖాన్ గురించి అడగడం మొదలుపెట్టారు, ఇక మాటలకు కొదవ లేదు. కాలేజీలో ఒకసారి చేర్చుకున్నాక దాని గురించి పట్టించుకున్నవాళ్లు లేరు. సెంటర్లలో మాత్రం ఫీజు కట్టడానికి వచ్చినవాళ్లకు టీచర్ని చూపించే అలవాటుంది. అక్కడ మనల్ని ముందు వరుసలో నిలబెడతారో లేదో ఆలోచించుకోవాలి.

మూడో దారి కూడా ఉంది. నింగ్‌బోలో 2004లో మొదలైన నాటింగ్‌హామ్, సుజోలో 2006 నుంచి ఉన్న షియాన్ జియావోటాంగ్-లివర్‌పూల్ లాంటివి, బ్రిటిష్ యూనివర్సిటీలు చైనావాళ్లతో కలిసి నడిపే ఉమ్మడి యూనివర్సిటీలు. పాఠాలన్నీ ఇంగ్లిష్‌లోనే కాబట్టి అక్కడ భాషా టీచరుకు నిజమైన పని ఉంటుంది, జీతమూ మెరుగు. కానీ మాస్టర్స్, గట్టి అనుభవం అడుగుతారు. ఇప్పుడే డిగ్రీ పట్టా తీసుకున్న పిల్లకు అది అయిదేళ్ల తర్వాతి మాట.

కాలేజీలో చేరమన్నాను. ఒక ఏడాది చాలు. సంక్రాంతి దాటాక వచ్చే వాళ్ల కొత్త సంవత్సరానికి నెలకు పైగా సెలవులు, వేసవిలో రెండు నెలలు. ఆ సెలవులకు జీతం ఇస్తారా, కాంట్రాక్టు 10 నెలలకా 12 నెలలకా అని ముందే రాయించుకోమన్నాను. గదుల్లో హీటర్ ఉందా అని కూడా అడగమన్నాను. చిన్‌లింగ్ కొండలు, హువాయ్ నదికి ఉత్తరాన ఉన్న ఊళ్లలో చలికాలంలో ఇళ్లు వెచ్చగా ఉండటానికి ప్రభుత్వమే వేడినీటి గొట్టాలు పెడుతుంది. హునాన్ ఆ గీతకు దక్షిణాన ఉంది. బయట రెండు మూడు డిగ్రీలున్నా అక్కడ ఆ సదుపాయం ఉండదు. నేను కోటు, గ్లౌజులు తీయకుండానే బోర్డు మీద రాసేదాన్ని.

నిన్న జవాబొచ్చిందట. ఫ్లాటులో హీటర్ ఉంది, క్లాసురూముల్లో లేదు. మా అక్క అప్పుడే కోటు కొనడానికి బయల్దేరింది.