అడోబ్ లైసెన్స్ తనిఖీ: డబ్బు కట్టి వాడేవాళ్ల వైపు నుంచి

పెళ్లి ఆల్బమ్‌లు డిజైన్ చేసే మా లైన్‌లో ఫోటోషాప్ లేకుండా రోజు గడవదు కాబట్టి, దాన్ని తయారుచేసే అడోబ్ కంపెనీ పెట్టిన అడోబ్ జెన్యూన్ సర్వీస్ అనే తనిఖీ ప్రోగ్రామ్ గురించి ఉన్నదున్నట్టు రాస్తున్నా. ఇది అడోబ్ యాప్‌లతో పాటే సిస్టమ్‌లోకి వచ్చి వెనకాల నడుస్తూ, ప్రోగ్రామ్ ఫైళ్లను ఎవరైనా మార్చారా, లైసెన్స్ చెల్లుతుందా అని చూస్తూ ఉంటుంది. డబ్బు కట్టకుండా వాడుకోవడానికి క్రాక్ చేయడమంటే మామూలుగా లైసెన్స్ చూసే ఫైల్‌ని మార్చేయడమే, సరిగ్గా అక్కడే దొరికిపోతారు. ముందు నోటీసు వస్తుంది. పట్టించుకోకపోతే యాప్ ఆగిపోవచ్చు.

మా వీధిలో ఒక స్టూడియోకి ఎవరో లైఫ్‌టైమ్ లైసెన్స్ అని చెప్పి కాపీ అంటగట్టారు. ఆల్బమ్ ప్రింటింగ్‌కి పంపాల్సిన రోజే ఇది అసలుది కాదంటూ స్క్రీన్ మీద బాక్స్ వచ్చింది, పాపం ఆ స్టూడియో కుర్రాడి టెన్షన్ చూడలేకపోయాం. 2013 నుంచి ఫోటోషాప్ కొత్త వెర్షన్లు చందా మీదే వస్తున్నాయి, లైఫ్‌టైమ్ అన్నారంటేనే అనుమానించాలి.

చందా కట్టేవాళ్లకి ఇబ్బంది తక్కువే. రెండు కంప్యూటర్లలో సైన్ ఇన్ అవ్వొచ్చు, కానీ ఒకసారికి ఒకదాంట్లోనే వాడాలి. లైసెన్స్ సరిచూసుకోవడానికి అప్పుడప్పుడు నెట్ కావాలి, రోజంతా అక్కర్లేదు.

నాకు నచ్చనిది ధర. చిన్న స్టూడియోకి నెలనెలా భారమే, తనిఖీ ఇంత గట్టిగా పెట్టినవాళ్లు చిన్నవాళ్లకి అందే రేటు కూడా పెట్టాలి. కట్టలేనివాళ్లు జింప్, క్రిటా అనే ప్రోగ్రామ్‌లు చూడండి, రెండూ ఉచితం, ఫోటోషాప్‌లో సేవ్ చేసిన పీఎస్‌డీ ఫైళ్లు వాటిలో తెరుచుకుంటాయి, కాకపోతే లేయర్ ఎఫెక్టులు (పొరలకి వేసే నీడ, మెరుపు లాంటివి) ఒక్కోసారి తేడాగా కనిపిస్తాయి.